ఎడమకి తిరగడమేనా?

"ఎడమకి తిరగడమే కదండీ, అందులో ఏముంది?"

ఈ ఆదివారం మా ఇంట్లో టీవీలో డేటోనా 500 కార్ల పందెం పెట్టుకుని కూర్చుంటే, దోహా మిత్రుల్లో వచ్చినవాడల్లా ఈ మాట అనడం, పకోడీ నోట్లో వేసుకోవడం. ఫ్లోరిడాలో మధ్యాహ్నం రెండున్నరంటే ఇక్కడ రాత్రి పదిన్నర. ఖతార్‌లో ఆదివారం సెలవు కాదు, సోమవారం అసలే కాదు. నిద్ర మానుకుని చూస్తున్నవాడి పక్కన చేరి "ఏముంది" అనేవాళ్లని ఏమనాలి?

వీళ్లంతా ఇక్కడి లుసైల్ ట్రాక్ పట్టభద్రులు. 2021లో ఫార్ములా వన్ ఇక్కడికి వచ్చిన దగ్గర్నుంచీ మావాళ్లలో టైర్ల శాస్త్రం తెలియనివాడు లేడు. లుసైల్‌లో 16 మలుపులు, పది కుడికి, ఆరు ఎడమకి. కాబట్టి గుండ్రంగా తిరిగే అమెరికా స్టాక్ కార్ పందేలంటే వాళ్లకి చిన్నచూపు. లుసైల్ రాత్రి పందేల గొప్ప చెప్పబోతే మాత్రం నేను ఊరుకోను. 2008లో అక్కడ మోటోజీపీ మొట్టమొదటి రాత్రి పందెం నడవడానికి దీపాలు పెట్టింది అయోవా రాష్ట్రపు మస్కో కంపెనీ. 1992లో షార్లెట్ ఓవల్‌కీ, 1998లో ఇదే డేటోనాకీ దీపాలు పెట్టింది కూడా వాళ్లే. మీరు చిన్నచూపు చూసే ఓవల్ మీద నేర్చిన విద్యతోనే మీ ట్రాక్ వెలిగిందండీ.

ప్రశ్నలు ఆగవు కదా. అందుకని మా చిన్న బావమరిదిని ఫోన్లో పట్టుకున్నాను. అతనుండేది షార్లెట్ పక్కన కాంకర్డ్. షార్లెట్ స్పీడ్‌వే కూతవేటు దూరం. స్పీకర్ ఆన్ చేసి ఫోన్ పళ్లెం పక్కన పెట్టాను. ఇక అడగండి అన్నాను.

స్టాక్ కార్ అంటే షోరూంలో కొన్న కారేనా? ఒకప్పుడు అవును. 1949 జూన్‌లో షార్లెట్‌లో జరిగిన, షోరూం కార్ల తొలి నాస్కార్ పందెంలో ముందుగా వచ్చినవాడు గ్లెన్ డనవే. అతను నడిపిన ఫోర్డు నాటుసారా మోసే బండి. బరువుకి తగ్గట్టు దాని వెనక స్ప్రింగులు మార్చారని తనిఖీలో బయటపడి, గెలుపు కాన్సాస్ నుంచి లింకన్ కారు వేసుకొచ్చిన జిమ్ రోపర్‌కి పోయింది. ఇప్పుడు షోరూంకీ ఈ బండికీ పోలిక ఆకారం ఒక్కటే. తలుపులు తెరుచుకోవు, కిటికీలోంచి దూరాలి. ముందున్న హెడ్‌లైట్లు స్టిక్కర్లు. ఒంటికి వస్తే? ఆపుకోవాలి, ఆపుకోలేకపోతే ఇక తెలిసిందే. ఈ జవాబుకి వచ్చినంత నవ్వు ఆ రాత్రి ఇంక దేనికీ రాలేదు. లోపల వేడెంత? 50 డిగ్రీలు దాటుతుంది. దీనికి మావాళ్లు నోరెళ్లబెట్టారు. జూన్ 1 నుంచి సెప్టెంబర్ 15 దాకా పొద్దున పది నుంచి మూడున్నర వరకూ బయట పని చేయించకూడదని చట్టం పెట్టుకున్న దేశంలో కూర్చుని, ఎండ సంగతి ఫ్లోరిడాని అడుగుతున్నాం. జగిత్యాల నుంచో నిజామాబాద్ నుంచో వచ్చి ఇక్కడ సెంట్రింగ్ కట్టిన ఏ తమ్ముణ్ణి అడిగినా చెప్పేవాడు.

నాకు ప్రాణం లేచొచ్చిన జవాబు మాత్రం వేరే. ఈ కార్లలో స్పీడోమీటరు ఉండదు! పిట్ దారిలో వేగానికి పరిమితి ఉంటుంది. అక్కడ కూడా ఇంజన్ ఆర్‌పీఎం చూసుకుని, ఏ గేర్లో ఎంత ఉంటే ఎంత వేగమో ముందే లెక్క కట్టుకుని నడుపుతారు. ఈ కాలమ్ పాత పాఠకులకి నా గొడవ తెలుసు. బండి నడిపేవాడు దారినీ ఇంజన్నీ వినాలి తప్ప అంకెల్ని కాదని ఎన్నేళ్లుగానో మొత్తుకుంటున్నాను. సల్వా రోడ్డు మీద కెమెరా కొట్టినప్పుడల్లా మెట్రాష్ యాప్‌లో వచ్చే జరిమానా ఆ సిద్ధాంతానికి నేను కట్టే చందా. దీనికి కవల సిద్ధాంతం ఇంకొకటి ఉంది. నడిపేవాడి చెవిలో ఎవరూ మాట్లాడకూడదు. మ్యాపుల్లోని ఆవిడ గొంతు నా కారులో ఎప్పుడో మూగబోయింది. వెనక సీట్లోని గొంతుల్ని ఆపడం మాత్రం నా వల్ల కాలేదు.

అదిగో, సరిగ్గా అప్పుడే మావాళ్లలో ఒకాయన అడిగాడు, "రేడియోలో వాళ్లకి గంటల తరబడి ఏం చెబుతుంటారు?"

"స్పాటర్" అన్నాడు బావమరిది. గ్యాలరీ పైకప్పు మీద, ఒక్కో కారుకి ఒకడు చొప్పున, బైనాక్యులర్లతో నిలబడి, పందెం మొదలైన దగ్గర్నుంచీ డ్రైవర్ చెవిలో మాట్లాడుతూనే ఉంటాడట. అంటే ఒక్కొక్కడి చెవిలో ఒక్కొక్క మ్యాపుల ఆవిడ! నా సిద్ధాంతానికి అంతకన్నా పెద్ద శత్రువు ఉండదు. తిట్టడానికి నోరు తెరిచాను. అల్ షహానియా ఒంటెలు గుర్తొచ్చి మళ్లీ మూసుకున్నాను.

దోహాకి పడమరగా ఎడారిలో ఉంటుంది అల్ షహానియా. చలికాలంలో అక్కడ ఒంటె పందేలు. ఒకప్పుడు ఒంటెల మీద పసిపిల్లల్ని కట్టి పరిగెత్తించేవారు. మన ఉపఖండం నుంచీ సూడాన్ నుంచీ తెచ్చిన పిల్లలు. 2005 ప్రాంతంలో అది నిషేధించి, స్విట్జర్లాండ్ వాళ్ల చేత చేయించిన రోబోల్ని ఎక్కించారు. తర్వాత్తర్వాత ఇక్కడే తేలికవి తయారయ్యాయి. గోడకి బెజ్జం వేసే డ్రిల్లు మోటారు, దానికి గిర్రున తిరిగే కొరడా, పైన రంగుల పట్టు చొక్కా. చంటిపిల్లాడంత ఉంటుంది. వీపున ఒక వాకీటాకీ స్పీకరు.

మా ఆఫీసులో పనిచేసి రిటైరైన ఒక ఖతారీ పెద్దాయన ఓ శుక్రవారం నన్ను తన లాండ్ క్రూజర్లో ఎక్కించుకున్నాడు. ఒంటెలు ట్రాక్ మీద, వాటి పక్కనే రోడ్డు మీద యజమానుల కార్లు. నిజమైన పందెం ఒంటెలది కాదని రెండు నిమిషాల్లో తెలిసిపోయింది. పదుల కొద్దీ లాండ్ క్రూజర్లు అద్దాలు రాసుకునేంత దగ్గరగా, ఒక్కడూ రోడ్డు చూడకుండా, అందరూ పక్కకి తిరిగి ఒంటెల్ని చూస్తూ నడుపుతున్నారు. మా కారు నడిపింది ఆయన కొడుకు. పెద్దాయన ఒక చేతిలో రిమోట్, ఒక చేతిలో వాకీటాకీ. నేను వెనక సీట్లో, ఏ దేవుణ్ణి తలుచుకోవాలో తేల్చుకోలేక.

చుట్టుపక్కల కార్లన్నిటిలో ఒకటే అరుపులు. ఒంగోలు గిత్తల బండలాగుడు దగ్గర మనవాళ్ల కేకలకి ఏ మాత్రం తీసిపోవు. మా పెద్దాయన మాత్రం నోరు విప్పడు. సగం దూరం దాటింది, అయినా విప్పడు. రిమోట్ మీద వేలు కూడా ఆడదు. ఒంటెకి విసుగొచ్చిందేమోనని నాకు అనుమానం. అప్పుడు వాకీటాకీ పెదాలకి ఆనించి, పిల్లాణ్ణి నిద్ర లేపుతున్నట్టు మెల్లిగా రెండు మాటలన్నాడు. కిటికీలోంచి చూస్తున్నాను కదా, రోబో వీపు నుంచి ఆ గొంతు వినబడగానే ఒంటె చెవులు వెనక్కి తిరిగాయి. మెడ ముందుకు సాచింది. కొరడా తిరగలేదు. ఎన్నో స్థానంలో వచ్చిందో నాకు గుర్తు లేదు. ఇంతసేపూ ఎందుకు మాట్లాడలేదని దిగాక అడిగాను. "అప్పటిదాకా దానికి తెలియనిది నాకేం తెలుసు?" అన్నాడు.

నేనిది తలుచుకుంటుండగా ఫోన్లో బావమరిది ఒక స్పాటర్ రేడియో రికార్డింగు వినిపించాడు. "ఇన్‌సైడ్... స్టిల్ దేర్... స్టిల్ దేర్... క్లియర్." అంతే. మళ్లీ అవే. ఇది అవసరమెందుకో కూడా అతనే చెప్పాడు. 2001 ఫిబ్రవరిలో ఇదే డేటోనాలో, చివరి ల్యాపులో, డేల్ ఎర్న్‌హార్ట్ గోడకి గుద్దుకుని చనిపోయాడు. ఆ ఏడాదే తలనీ మెడనీ కట్టిపట్టే పట్టీలు తప్పనిసరి చేశారు. సీటు కూడా తలకి రెండు వైపులా గోడలా వచ్చింది. కిటికీకి వల. బతకాలంటే తల కదలకూడదు. తల కదలకపోతే పక్కన ఎవడున్నాడో కనబడదు. కప్పు మీది మనిషి అంతకుముందూ ఉన్నాడు, ఇప్పుడు ఆ కనబడని మేరకంతా వాడే కళ్లు. వాడు "క్లియర్" అన్న మరుక్షణం డ్రైవర్ చూడకుండానే కారు పక్కకి జరుపుతాడు. 300 కిలోమీటర్ల వేగంలో, 40 కార్ల గుంపులో, అరక్షణం ముందు ఆ మాట అంటే పదిహేను కార్లు ముద్దయిపోతాయి.

మ్యాపుల ఆవిడకి నా కారులో ఇప్పటికీ చోటు లేదు. నేను చూస్తున్న రోడ్డే ఆవిడ నాకు చెబుతుంది, అదీ ముందు ఒకసారి, దగ్గరికొచ్చాక ఇంకోసారి. వెనక సీటు సంగతి రాస్తే ఇంట్లో చదువుతారు. కానీ కప్పు మీది మనిషిని తిట్టడానికి నాకు నోరు రావడం లేదు.

ఇక మావాళ్ల మొదటి ప్రశ్న. డేటోనా మలుపు వాలు 31 డిగ్రీలు, ఎక్కాలంటే చేతులు ఆనించాలనిపించేంత నిటారు. ఆ వాలే కారుని తిప్పుతుంది, స్టీరింగు పని తగ్గుతుంది. ఇవన్నీ విన్నాక చూస్తే మావాళ్లన్నది నిజమే. ఎడమకి తిరగడమే, అందులో పెద్దగా ఏమీ లేదు. పక్కన ఎవడూ లేడని ఇంకొకడు చెబితే నమ్మి జరపడమే అసలు విద్య, ఆ చెప్పేవాడి విద్య అంతకన్నా పెద్దది. టీవీలో వాడు ఒక్కసారి కూడా కనబడలేదు.

మన పొరుగు కోయంబత్తూరు నరైన్ కార్తికేయన్ 2010లో నాస్కార్ ట్రక్కు పందేల్లో నడిపి, ఆ ఏడాది అభిమానుల ఓట్లతో మోస్ట్ పాపులర్ డ్రైవర్ అయ్యాడు. ఆ ఓట్లు వేసిన మన జనంలో అతని స్పాటర్ పేరు తెలిసినవాడు ఒక్కడైనా ఉన్నాడా అని నాకు అనుమానం.

మే నెలాఖరున షార్లెట్‌లో 600 మైళ్ల పందెం ఉంది. అక్కడ ప్రేక్షకులకి స్కానర్లు అద్దెకిస్తారట, ఏ కారు రేడియో కావాలంటే అది వినొచ్చు. వెళ్తే కార్ల వైపు కాకుండా కప్పు వైపు తిరిగి కూర్చుంటానని బావమరిదికి చెప్పాను. "ఆ మాత్రానికి టికెట్టెందుకు బావా, దండగ!" అంటున్నాడు.