కపోతము: శరణార్థియా, శాంతిదూతయా?

ఆధునికాంధ్ర కవిత్వమున ‘శాంతికపోతము’ అను సమాసము మిక్కిలి వాడుకకు వచ్చినది. దానివలన విమర్శలో నొక చిక్కు ఏర్పడినది. ప్రాచీన గ్రంథమున కపోతము కనబడినంతనే పరిశోధక విద్యార్థులు కొందరు దానిని శాంతిచిహ్నమని వ్యాఖ్యానించుచున్నారు. ఈ వ్యాఖ్యానము నిలువదని మా యభిప్రాయము. ఈ విచారణకు నెల్లూరు సీమ తగిన తావు. పదుమూడవ శతాబ్దిని తిక్కన శాంతిపర్వమును తెనిగించిన పెన్నాతీరముననే, దాదాపు ఆరువందల యేండ్లకు పిమ్మట, ఒలీవ ఆకును తెచ్చిన పావురపు కథయు మిషనరీల వెంట ప్రవేశించినది.

వేదమున కపోతము శుభపక్షి కాదు. ఋగ్వేద దశమ మండలమున 165వ సూక్తమున అది నిరృతి దూత. ఇల్లు చొచ్చిన ఆ పక్షివలన కీడు కలుగకుండుగాక యని ఋషి వేడుకొనును. అచట శాంతి పక్షి తెచ్చునది కాదు. పక్షి వచ్చినందులకు గృహస్థుడు చేయించుకొనునది! భాగవత ఏకాదశస్కంధమున అవధూత గురువులలో కపోత మొకటి. వలలో చిక్కిన ఆలుబిడ్డలను జూచి తానును వలలో బడిన యా పక్షి నేర్పునది మమకారమువలని చేటు. శిబికథయందు అది డేగకు వెఱచి రాజును శరణు జొచ్చినది. నాగార్జునకొండ శిల్పులును ఈ కథను మలచిరి.

వీనియన్నిట గంభీరమైనది శాంతిపర్వమున ఆపద్ధర్మ ప్రకరణములోని కపోతలుబ్ధక కథ. శరణాగతరక్షణ ధర్మమును ధర్మరాజు అడుగగా భీష్ముడు దీనిని చెప్పును. గాలివానలో తడిసి, చలికి కొంకరలు పోయిన బోయ యొక చెట్టుక్రిందికి చేరును. ఆ చెట్టుమీది మగకపోతము రాని పెంటికై విలపించుచుండును. అది బోయ పంజరముననే యున్నది. కార్తికమాసపు వాయుగుండముల నెఱిగిన నెల్లూరు తీరవాసులకు ఆ రాత్రిని వేఱుగ వర్ణింప నక్కఱలేదు. బందీయైన పెంటియే, ఇతడు మన యింటికి వచ్చిన యతిథి, ఆదరింపుమని మగనికి చెప్పును. అతడు నిప్పు తెచ్చి బోయ చలి తీర్చును. ఆకలి యనగా పెట్టుట కేమియు లేక, అగ్నికి ముమ్మారు ప్రదక్షిణించి తానే యందు ప్రవేశించును. బోయ పశ్చాత్తప్తుడై పంజరము విప్పును. విడుదలయైన పెంటి యెగిరిపోక మగని వెంట అగ్నిలో దుముకును.

ఇది సంధి కాదు. బలవంతుడు పెట్టిన షరతు లేదు, బలహీనుడు కోరిన హామీ లేదు. హింసింపబడినవాడే హింసించినవానికి ఆతిథ్య మిచ్చినాడు. పెంటి మరణమును పాతివ్రత్య మహిమగా మాత్రమే చదివి తృప్తిపడుట మాకు సమ్మతము కాదు. బోయ మారెను గాని, అప్పటికి గూడు శూన్యమయ్యెను. బంధువులను చంపుకొని రాజ్యము గెలిచిన ధర్మరాజు ఈ కథకు శ్రోత యను సంగతిని వ్యాఖ్యాతలు మఱవరాదు.

ఇక రెండవ పక్షి. అమెరికను బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే 1840లో నెల్లూరు చేరెను. బైబిలు ఆదికాండమున నోవహు పంపిన పావురము నిజమునకు శాంతిదూత కాదు; నీరు తీసినదో లేదో తెలిసికొనుటకు ఓడనుండి విడిచిన పక్షి. బాబిలోనియా గిల్గమేషు కావ్యముననున్న జలప్రళయ కథయందును ఇట్టి పావురమే కలదు. మఱియొక విశేషము: ప్రచారములోనున్న తెలుగు బైబిలు ఆ పక్షిని ‘నల్లపావురము’ అన్నది. మన గోడపత్రములమీది తెల్లదనము ఆ కథనుండి వచ్చినది కాదన్నమాట. జపానున పావురము హచిమాన్ అను యుద్ధదేవతకు దూత యన్నచో, ఈ పక్షికి శాంతి సహజధర్మము కాదని వేఱుగ చెప్పనేల?

తెల్లపావురమును లోకమంతట పరచినది 1949 ఏప్రిలున పారిసున జరిగిన శాంతి మహాసభ. దాని గోడపత్రమునకు పికాసో గీసిన పావురమే చిహ్నమైనది. ఆ బొమ్మను దలచి వ్రాసిన తెలుగు కవికి ఆ బొమ్మయే ఆకరము. అందులకు తిక్కనను సాక్షిగా పిలువ నక్కఱలేదు. భారత కపోతమునే దలచి వ్రాసిన కవి యున్నచో, అతని పద్యమున నిప్పెచట నున్నదో ముందుగా వెదకవలెను.