గేరు రాడ్డు మారిస్తే గేర్‌బాక్సు గట్టిపడదు

ఫోర్డ్ మస్టాంగ్‌కు 1983లో వచ్చిన బోర్గ్‌వార్నర్ టీ-5 అయిదు గేర్ల తేలికపాటి గేర్‌బాక్సు. 1987 నాటికి ఆ కారు 5 లీటర్ల ఇంజిన్ టార్క్ 300 పౌండ్-అడుగులకు చేరింది. అప్పటి టీ-5 మోయగలిగింది 265 మాత్రమే. 1990లో దాన్ని 300కు పెంచారు. అంటే ఇంజిన్‌ను కొంచెం బలపరిచినా గేర్‌బాక్సులో మిగులు ఉండదు. రోడ్డును గట్టిగా పట్టే టైర్లు వేసి, క్లచ్‌ను ఒక్కసారిగా వదిలితే అల్యూమినియం కేసు సాగి షాఫ్టులు దూరమవుతాయి, పళ్లు కొసల మీదే కలుస్తాయి. ఎక్కువగా మూడో గేరు పళ్లు విరిగేది అందుకే.

కంపెనీ గేరు రాడ్డులో అదురు తెలియకుండా రబ్బరు ఉంటుంది, రాడ్డు కదిలే దూరం ఎక్కువ. అసలు లోపం వేరే ఉంది: దాన్ని ఆపే అడ్డు లేదు. గేరు పడ్డాక కూడా చేతి బలమంతా లోపలి ఫోర్కు మీదికే పోతుంది, ఫోర్కు వంగుతుంది. కంపెనీ రాడ్డు అమరిక బదులు బిగించే మంచి షిఫ్టర్‌లో రాడ్డుకు ముందూ వెనకా స్టాప్ బోల్టులుంటాయి. మూడో గేరు పూర్తిగా వేసి, ముందు బోల్టును రాడ్డుకు తగిలేదాకా తిప్పి, వెంట్రుకవాసి వెనక్కి తీసి నట్టు బిగించాలి. నాలుగో గేరులో వెనక బోల్టుకూ అంతే. ఇందులో తొందర పనికిరాదు. అడ్డు ముందే తగిలితే గేరు సగమే పడి, జారిపోతుంది.

రాడ్డు ప్రయాణం తగ్గేకొద్దీ చేతికి బరువు పెరుగుతుంది, వేగాలు కలపడానికి సింక్రోకు దొరికే సమయం తగ్గుతుంది. రోజూ నడిపే కారుకు మరీ పొట్టి షిఫ్టర్ మేలు చేయదు.

గేరు గరగరమంటే ముందు చూడాల్సింది క్లచ్‌నే. ఈ మస్టాంగ్‌లలో క్లచ్ కేబుల్‌ను లాగే ప్లాస్టిక్ క్వాడ్రంట్ పళ్లు అరిగిపోతాయి, క్లచ్ పూర్తిగా విడదు. కారు నిలిపి, ఇంజిన్ తిరుగుతుండగా పెడల్ అదిమి, కొన్ని క్షణాలు ఆగి రివర్స్ వేస్తే సంగతి తెలుస్తుంది. అప్పటికీ గరగరమంటే షిఫ్టర్ కొనడం డబ్బు దండగ. అల్యూమినియం క్వాడ్రంటూ, కేబుల్ అడ్జస్టరూ వేయించడమే సరైన పని. 1985 నుంచి వచ్చిన వరల్డ్ క్లాస్ టీ-5లో నూనె కూడా చిక్కటి గేర్ ఆయిల్ కాదు, పలుచని ఏటీఎఫ్ (ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్ ఫ్లూయిడ్) పోయాలి.

ఇంజిన్ బలం బాగా పెంచిన కారుకు ఇవేవీ చాలవు. 600 పౌండ్-అడుగులు మోసే ట్రెమెక్ టీకేఓ-600 లాంటి గేర్‌బాక్సు బిగించాల్సిందే, దాని అదనపు బరువుతో సహా.