కాపలాదారు కొట్టిన గోల్స్

గేలిక్ ఫుట్‌బాల్‌లో జట్టుకు పదిహేను మంది. బంతిని చేత్తో పట్టొచ్చు, కాలితో తన్నొచ్చు. హెచ్ ఆకారపు స్తంభాల మధ్య, అడ్డకర్ర మీదుగా పోతే 2024 దాకా ఎక్కడి నుంచి కొట్టినా ఒక పాయింటే. కింద వలలో పడితే గోల్, అంటే మూడు పాయింట్లు. లెక్కంతా కొట్టినవాడి ఖాతాలోకే వెళ్తుంది. కబడ్డీలో కూతకు వెళ్లినవాడి పేరు ఊరంతా చెప్పుకుంటారు, కాలు పట్టినవాడిని ఎవరు తలుస్తారు? ఇక్కడి డిఫెండర్ పరిస్థితీ అదే.

ఐర్లాండ్ పడమటి తీరాన మేయో కౌంటీకి ఆడిన లీ కీగన్ అలా మరుగున ఉండిపోయే రకం కాదు. ఎదుటి జట్టులో ఎవరు ప్రమాదకరమో వాళ్లను అతనికే అప్పగించేవారు. వాళ్లను అంటిపెట్టుకుని తిరుగుతూనే, సందు దొరికితే చాలు, బంతితో ముందుకు దూకేవాడు. ఇక ఆ స్టార్ ఆటగాడే అతని వెంటపడాలి. దాడికి దాచుకున్న ఊపిరంతా కీగన్‌ను తరమడానికే ఖర్చయిపోయేది.

కౌంటీ జట్లు తలపడే ఆల్ ఐర్లాండ్ పోటీలో 2016 ఫైనల్ డ్రా అయింది. మళ్లీ ఆడినప్పుడు డబ్లిన్ మీద గోల్ కొట్టింది కీగనే. విరామానికి ముందే ఫౌల్ చేసి బ్లాక్ కార్డు చూసిందీ అతనే. అప్పటి నిబంధన ప్రకారం ఇక ఆ మ్యాచ్‌లోకి తిరిగి రావడానికి లేదు. మేయో ఒక్క పాయింటుతో ఓడింది.

మరుసటి ఏడాది ఫైనల్‌లోనూ డబ్లినే ప్రత్యర్థి. కీగన్ మళ్లీ గోల్ కొట్టాడు. ఆట ఆగిన సమయానికి బదులుగా కలిపిన చివరి నిమిషాల్లో స్కోరు సమంగా ఉంది. డబ్లిన్ ఆటగాడు డీన్ రాక్ ఫ్రీ కిక్‌కు సిద్ధమయ్యాడు. స్టాండ్స్‌లో 82 వేల మందికి పైగా జనం. రాక్ పరుగందుకోగానే కీగన్ తన ఒంటి మీదున్న, పరుగును కొలిచే జీపీఎస్ పరికరాన్ని ఊడబీకి అతని వైపు విసిరాడు. రాక్ చూపు చెదరలేదు, బంతి స్తంభాల మధ్య నుంచే పోయింది. గోల్స్, పాయింట్ల లెక్కలో డబ్లిన్ 1-17, మేయో 1-16.

ఆ పని తప్పే. కానీ ఎలాగైనా ఆపాలన్న డిఫెండర్ మొండితనం అంత నగ్నంగా మరెక్కడా కనిపించదు.

2012, 2013, 2016, 2017, 2020, 2021: ఆరేళ్లు ఫైనల్ దాకా వెళ్లి ఆరుసార్లూ ఉత్తచేతులతోనే వచ్చాడు. వాటిలో మూడు ఓటములు డబ్లిన్ చేతిలో ఒక్కొక్క పాయింటు తేడాతోనే. 1951 తర్వాత మేయోకు ఆ కప్పు అందనేలేదు. కీగన్ 2023 జనవరిలో కౌంటీ జట్టుకు వీడ్కోలు చెప్పాడు. ఏటా మేటి ఆటగాళ్లకిచ్చే ఆల్ స్టార్ అవార్డులు మాత్రం ఐదు దక్కాయి. బ్లాక్ కార్డు చూసిన 2016లోనే అతను ఫుట్‌బాలర్ ఆఫ్ ద ఇయర్ కూడా. ఆ ఎంపికకు ఓటేసేది తోటి ఆటగాళ్లే, అతని కాపలాలో చిక్కి విసిగిపోయినవాళ్లతో సహా.