ముందా, తరువాతా? తేదీలను పోల్చే కోడు చదవగానే తెలియాలి

2015 గోదావరి పుష్కరాలు జూలై 14న మొదలై 25న ముగిశాయి. అంటే 12 రోజులు. 25లోంచి 14 తీసేస్తే మాత్రం 11 మిగులుతుంది. మొదటి రోజునూ ఆఖరి రోజునూ కలుపుకోవాలని రాజమండ్రిలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. కంప్యూటరుకు విడమరిచి చెప్పాలి.

ఘాట్లకు వచ్చేవారిని లెక్కించే ప్రోగ్రాం ఒకటి రాస్తున్నారనుకుందాం. వచ్చిన సమయం జూలై 14 కంటే చిన్నది కాకూడదు, 25 కంటే పెద్దది కాకూడదు అని షరతు పెడతారు. చూడటానికి సబబుగానే ఉంది. అయితే గంట చెప్పని తేదీని సమయంగా మార్చినప్పుడు చాలా భాషలు ఆ రోజు తొలి క్షణాన్నే, అంటే అర్ధరాత్రి 12 గంటలనే తీసుకుంటాయి. దాంతో 25 సాయంత్రం స్నానానికి వచ్చినవారు హద్దు అవతల పడతారు. ఆఖరి రోజు దాదాపు మొత్తం లెక్కలోంచి జారిపోతుంది. అందుకే అనుభవజ్ఞులు రెండో హద్దును '26 మొదలయ్యేలోపు' అని రాస్తారు. 26లోంచి 14 పోతే సరిగ్గా 12.

సర్వరు గడియారంతో ఇంకో చిక్కు. అది తరచూ ప్రపంచ ప్రామాణిక సమయమైన యూటీసీలో నడుస్తుంది. భారత కాలమానం యూటీసీ కంటే ఐదున్నర గంటలు ముందుంటుంది. 14 ఉదయం 5 గంటలకు గోదావరిలో మునిగినవారు యూటీసీ లెక్కలో 13 రాత్రి 11:30కే వచ్చినట్టు. ఏ ఊరి కాలమో కోడులో రాయకపోతే తొలిరోజు తెల్లవారుజామున వచ్చినవారంతా పుష్కరాలకు ముందే వచ్చినట్టవుతుంది.

అంకెలకు < , > గుర్తులు చక్కగా సరిపోతాయి. తేదీల దగ్గరే తికమక. పుట్టిన తేదీ పెద్దదైతే మనిషి చిన్నవాడు! కోడు చదివేవారు ప్రతిసారీ ఆగి ఆలోచించాల్సిందే. స్టీఫెన్ కోల్‌బోర్న్ జావా భాష కోసం తయారుచేసిన జోడా-టైమ్ లైబ్రరీలో ఈ పోలికను 'ఈజ్‌బిఫోర్', 'ఈజ్‌ఆఫ్టర్' అని మాటల్లోనే రాయవచ్చు. ఆయన కృషి 2014లో జావా 8లోని కొత్త తేదీల వ్యవస్థకు దారితీసింది. వెబ్‌సైట్లు కట్టే రూబీ ఆన్ రెయిల్స్ కూడా 2019లో, 6.0 వెర్షన్‌తో 'బిఫోర్?', 'ఆఫ్టర్?' తెచ్చింది. లోపల జరిగే పని పాతదే. అయినా ఈ మార్పు చిన్నది కాదు, తప్పు కంటికి కనబడుతుంది కాబట్టి.

తేదీని అక్షరాలుగా దాచితే ముప్పు మరీ ఎక్కువ. '01/08/2015', '14/07/2015'లను అక్షరక్రమంలో పేరిస్తే ఆగస్టు 1 ముందు వస్తుంది. ఏడాది, నెల, రోజు వరుసలో రాసే ఐఎస్‌ఓ 8601 పద్ధతికి ఆ బెడద లేదు.

దేన్ని దేనితో పోల్చాలో ముందే తేల్చిచెప్పే క్రమశిక్షణ మన పంచాంగానికి ఎప్పటినుంచో ఉంది. సాధారణంగా సూర్యోదయానికి ఉన్న తిథే ఆ రోజు తిథి. వినాయక చవితికి మాత్రం చవితి మధ్యాహ్నానికి ఉండాలి, దీపావళికి అమావాస్య ప్రదోషవేళకు ఉండాలి, శివరాత్రికి చతుర్దశి అర్ధరాత్రికి ఉండాలి. తిథి ఎప్పటివరకు ఉందో పక్కనే రాసి ఉంటుంది. హద్దు, పోల్చే క్షణం రెండూ కనబడుతుంటాయి కాబట్టి పండుగ ఏ రోజో చదివినవారే సరిచూసుకోవచ్చు. కోడుకూ కావలసింది ఈ స్పష్టతే.

2027లో గోదావరికి మళ్లీ పుష్కరాలు. వాటికి యాప్‌లు రాసే కుర్రవాళ్లు హద్దులకు పేర్లు పెట్టాలి, భారత కాలమానాన్ని కోడులోనే చెప్పాలి. తొలిరోజు తెల్లవారుజామును, ఆఖరిరోజు రాత్రిని విడిగా పరీక్షించాకే యాప్‌ను జనం చేతికివ్వాలి.