సందెపూల ఫోటోలు – ఒక పరిశీలన

ఈ ఉగాదికి మన సభలో యువకులు సందెవేళ పూచే పువ్వుల ఫోటోలు ప్రదర్శించారు. మలేసియా రబ్బరు తోటల లైను ఇళ్ళ ముందు ఆ పువ్వుల నడుమ పెరిగిన మాకు ఎంతో సంతోషం కలిగింది. ఆ చనువుతోనే వాటి గుణదోషాలు విన్నవిస్తున్నాము.

అన్నిటిలో చంద్రకాంత ఫోటో మేలైనది. సాయంత్రం విచ్చే పువ్వు గనుక మలాయీలు దీనిని నాలుగు గంటల పువ్వు అంటారు. ఫ్లాష్ వేయక, మలిసందె వెలుతురులోనే కెమెరాను కదలకుండా నిలిపి తీశారు. ఒకే మొక్కకు గులాబి, పసుపు, చారల పూలు. పక్కనే మిరియపు గింజ వంటి నల్లని విత్తనం. పేరు వ్రాయకపోయినా మొక్కను పోల్చుకోవచ్చు.

మన ఇళ్ళలో బ్రహ్మకమలమనీ, మలాయీలో బకావలి అనీ పిలిచే పువ్వు విషయంలో ఈ ఓర్పు కనబడలేదు. దగ్గరనుండి ఫ్లాష్ వేయడంతో రేకులు సున్నం పూసినట్లున్నవి. ఆకు వంటి కాండపు అంచున ఆ పువ్వు పూస్తుందన్న సంగతి ఫోటోలో లేదు.

మూడవ ఫోటో గూర్చి ఊరుకోలేము. కింద ‘పారిజాతం’ అని వ్రాశారు. అది రాత్రిరాణి. ఇంగ్లీషులో రెంటినీ రాత్రి పూచే మల్లె అనడం వల్ల ఈ పొరపాటు జరిగి ఉంటుంది. పారిజాతానికి తెల్లని రేకులు, కాషాయపు కాడ, గరుకు ఆకు. తెల్లవారేసరికి పూలు నేల రాలుతాయి. రాత్రిరాణి పువ్వు సన్నని గొట్టం, ఆకుపచ్చ కలిసిన తెలుపు. ఆకు నునుపు, పండ్లు తెలుపు. పైగా అది విషపు మొక్క. మన పెద్దలు జ్వరానికీ, కీళ్ళనొప్పులకూ పారిజాతపు ఆకు కషాయం కాచేవారు. ఆ మాట విన్న మనుమరాలు ఈ ఫోటో చూచి రాత్రిరాణి ఆకు కోస్తే ఏమి గతి?

కావున ప్రతి పువ్వుకూ ఎదుటినుండి ఒకటి, పక్కనుండి ఒకటి, ఆకుతో ఒకటి ఫోటో తీయాలి. విచ్చిన వేళ వ్రాయాలి. పేరు ముందుగా ఇంటిలోని అవ్వను అడగాలి. ముత్తాతలు ఓడలో వెంట తెచ్చుకున్న పేర్లను మనం ఇంగ్లీషు నుండి తిరిగి అనువదించుకొనవలసిన అగత్యం లేదు.

ఆ మూడవ ఫోటో మరొక ఊరి సభకు పోకముందే పేరు దిద్దవలెనని మా మనవి.