ప్రయాణములో సినిమా - తెర కొలత, చుక్కల లెక్క

దూరప్రయాణమునకు డి.వి.డి. ప్లేయరు కొనదలచినవారు మొదట అడుగునది, తెర ఎన్ని అంగుళములని. అది చాలని ప్రశ్న. తెరపై బొమ్మ సన్నని చుక్కల కూర్పు. పాల్ పద్ధతి డిస్కులో ఒక్కొక్క బొమ్మకు అడ్డముగా 720, నిలువుగా 576 చుక్కలుండును. 7 అంగుళముల చౌక ప్లేయర్లు పెక్కింటి తెరపై ఉన్నవి 480, 234 మాత్రమే. గుణించి చూడుడు: 4,14,720 చుక్కలకు గాను కంటికి చేరునవి 1,12,320. నాలుగింట మూడు పాళ్లకు దగ్గరగా పోయినట్లే. పెట్టెపై అంగుళములను పెద్ద అక్షరములతో అచ్చువేయుదురు గాని ఈ లెక్కను వేయరు!

ఇంటివద్ద ఆ ప్లేయరునే తీగతో టెలివిజనుకు కలిపినచో బొమ్మకు ఆ చిన్న తెర అడ్డురాదు, స్పష్టత మెరుగగును.

ఇక కుదుపులు. డిస్కుపై వరుసకు వరుసకు నడుమ ఎడము 0.74 మైక్రాను, అనగా మిల్లీమీటరులో వెయ్యవవంతుకన్న తక్కువ. బస్సు గోతిలో పడినపుడు లేసరు కిరణము ఆ దారి తప్పవచ్చును. ముందుగా చదివినది కొంత నిలువచేసికొను ప్లేయరు ఆ క్షణమును గట్టెక్కును. టాబ్లెట్టులో సినిమా జ్ఞాపక చిప్పులో నుండును. తిరుగు భాగమే లేదు. కావున ప్రయాణమునకు నా ఓటు దానికే.

డిస్కులు దాచుకొన్నవారికి ఒక మాట: అమెరికానుండి బంధువులు తెచ్చిన డిస్కుపై 1వ ప్రాంతపు గుర్తున్నచో, మన 5వ ప్రాంతపు ప్లేయరు సాధారణముగా దానిని చదువదు. అంగడిలోనే పెట్టి చూడుడు.