అన్నం పెట్టిన చోట అడిగిన ప్రశ్న: బామ ‘కరుక్కు’

తాటిమట్టకు రెండు వైపులా రంపం పళ్ళలా ఉండే అంచును తమిళంలో ‘కరుక్కు’ అంటారు. దళిత కతోలిక రచయిత్రి బామ 1992లో వచ్చిన తన జీవితకథకు అదే పేరు పెట్టుకుంది. చిన్నప్పుడు కట్టెలకు పోతే ఆ అంచు ఆమెను గీరింది. అంతకంటే లోతుగా కోసింది కులం. అది గుడిలోనూ ఉందని చెప్పడం ఈ పుస్తకంలో అసలు విషయం.

పేద పిల్లలకు చదువు చెప్పాలన్న ఆశతో బామ మఠకన్య అయింది. తీరా చూస్తే అక్కడి బడులు కలిగినవాళ్ళ పిల్లలవి. ఊడ్చడం, కడగడం మాత్రం తన జనం పని. ఊళ్ళో చూస్తే, ఒకే దేవుణ్ణి మొక్కినవాళ్ళకు చచ్చాక శ్మశానాలు వేరు. ఏడేళ్ళకు ఆమె మఠం వదిలి వచ్చేసింది.

మఠం వదిలింది కానీ క్రీస్తును వదల్లేదు. మాకు వినయం, ఓర్పు, విధేయత నేర్పారు, పీడితుల పక్షాన నిలబడిన యేసును మాత్రం చూపలేదు అన్నది ఆమె ఫిర్యాదు. శ్రీసభను శ్రీసభ సువార్తతోనే కొలిచింది. అందుకే ఆ విమర్శను బయటివాళ్ళ నింద అని కొట్టిపారేయలేం. 2016లో భారత కతోలిక పీఠాధిపతులే దళిత సాధికారత విధానం ప్రకటిస్తూ సభలో వివక్ష ఉందని ఒప్పుకున్నారు. పుస్తకం వచ్చిన 24 ఏళ్ళకు!

లోపం లేదని కాదు. ఊరి అధ్యాయాల్లో మనుషులు, ఆటలు, ఆకలి కళ్ళకు కడతాయి. మఠం దగ్గరికి వచ్చేసరికి కోపం మిగిలి మనుషులు మాయమవుతారు. ఒక్క మఠకన్య ముఖమైనా గుర్తుండదు. చెప్పిన మాటే మళ్ళీ వస్తుంది. అయినా చివర్లో ఉద్యోగం, ఆసరా లేక నిలబడ్డ తన స్థితిని దాచకుండా రాసింది. గెలిచానని చెప్పుకోలేదు.

మనలో చాలామందికి అక్షరం మిషన్ బడిలోనో ఆశ్రమ పాఠశాలలోనో దొరికింది. ఆ మేలు నిజం. కానీ ‘అన్నం పెట్టినవాళ్ళను ప్రశ్నిస్తావా?’ అనే మాటతో మన నోళ్ళు మూయించిందీ నిజమే. మేలు మరవకుండానే తప్పును అడగవచ్చని బామ చూపింది. టీచర్లకు ఒక విన్నపం: హాస్టల్లో ఒక పిల్ల ‘ఎందుకు సార్?’ అని అడిగితే పొగరు అనకండి. ముందు వినండి.